ఓపేర్ వీసాకి లక్షలు కట్టమంటున్నారా? కట్టే ముందు ఇది చదవండి

రాత్రంతా నిద్ర లేదు. కోపం చల్లారాక రాస్తే ఇంకాస్త పద్ధతిగా రాసేదాన్నేమో, కానీ ఈలోపు ఇంకో అమ్మాయి అడ్వాన్స్ కట్టేస్తుంది. అందుకే ఇప్పుడే కూర్చున్నాను.

అమీర్‌పేట దగ్గరున్న ఆ కన్సల్టెన్సీ గురించే. పేరు రాయడం లేదు. జర్మనీ వెళ్లాలనుకునే ఆడపిల్లలందరికీ ఆ యాడ్ తెలుసు. "ఏడాదిపాటు జర్మనీ, తిండీ బసా వాళ్లదే, నెలనెలా జీతం, తర్వాత ఆస్‌బిల్డుంగ్ గ్యారంటీ." ఆస్‌బిల్డుంగ్ అంటే అక్కడ పని నేర్చుకుంటూ చేసే వృత్తి శిక్షణ. డిగ్రీ అయింది, జర్మన్ భాషలో మొదటి మెట్టైన ఏ1 పరీక్ష పాసయ్యాను, వెళ్లాను. మొత్తం ₹3,40,000 తీసుకున్నారు. వీసా ఫీజు, టికెట్ వేరే. మా అమ్మ గాజులు ఇప్పటికీ బ్యాంకులోనే ఉన్నాయి. రశీదు అడిగితే కట్టిన డబ్బులో ఎనిమిదో వంతుకి కూడా ఇవ్వలేదు, ఆ ఇచ్చినదాని మీద కూడా "జర్మన్ భాషా శిక్షణ" అని రాశారు. వీసా మాటే లేదు.

తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఓపేర్ అంటే అక్కడి కుటుంబంతో వాళ్లింట్లోనే ఉంటూ, పిల్లల్ని చూసుకుంటూ, చిన్నచిన్న ఇంటి పనుల్లో సాయం చేస్తూ, భాష నేర్చుకోవడం. జర్మనీలో దీనికి గట్టి నిబంధనలున్నాయి. రోజుకి 6 గంటలు, వారానికి 30 గంటలకి మించకూడదు. పిల్లలు నిద్రపోతుంటే ఊరికే కాపలా కూర్చున్నా అది పని కిందకే వస్తుంది. వారానికి ఒకటిన్నర రోజు సెలవు. నెలకి 280 యూరోల పాకెట్ మనీ. భాషా తరగతులకి నెలకి 70 యూరోలు కుటుంబం ఇవ్వాలి. ఇన్సూరెన్స్ వాళ్లే కట్టాలి. సొంత గది ఇవ్వాలి. ఏడాదికి నాలుగు వారాల సెలవు, అప్పుడు కూడా పాకెట్ మనీ ఆగదు. గమనించండి, 280 యూరోలు జీతం కాదు. దాంతో అప్పు తీరదు. ఇది ఉద్యోగమే కాదు. ఈ ఒక్క మాట మాకెవరూ చెప్పలేదు. మా నాన్నకి మాత్రం "ఆర్నెల్లలో మీ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది అంకుల్" అని చెప్పారు.

నేను వచ్చింది స్టుట్‌గార్ట్ పక్కనున్న చిన్న ఊరికి. ఇద్దరు పిల్లలు. అన్యాయంగా రాయకూడదు కాబట్టి బాగున్నది కూడా చెబుతాను. స్టేషన్‌కి పిల్లలిద్దరూ నా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని వచ్చారు. గది పైకప్పు కింద ఉండేది, వాలు గోడ, దానికో కిటికీ, తెరిస్తే చర్చి గంట వినపడేది. నాలుగేళ్ల చిన్నది నాకు క్లాసులో కంటే ఎక్కువ జర్మన్ నేర్పింది. నేను "దెర్" అనాల్సిన చోట "దీ" అంటే తినే బ్రెడ్ పక్కన పెట్టి మరీ సరిచేసేది, నేను సరిగ్గా అనేదాకా వదిలేది కాదు. పెద్దవాడు బడి నుంచి రాగానే నా కోసం ఆగి, ఇద్దరం కలిసి హోంవర్క్ చదివేవాళ్లం. పప్పుచారు చేస్తే ఇద్దరూ రెండోసారి వడ్డించుకున్నారు. ఆ పిల్లల మీద నాకు ఇప్పటికీ ప్రాణమే.

కానీ పని మాత్రం నెమ్మదిగా పెరుగుతూ పోయింది. మొదట పొద్దున పిల్లల్ని తయారు చేసి దింపడం, మధ్యాహ్నం తీసుకురావడం. తర్వాత వంట. తర్వాత ఇల్లంతా తుడవడం, ఇంటిల్లిపాది బట్టలు ఇస్త్రీ చేయడం. శనివారాలు పోయాయి, తర్వాత ఆదివారాలు కూడా పోయాయి. భాషా తరగతి సాయంత్రం ఉంటే, అదే టైముకి పిల్లల అమ్మానాన్నలిద్దరూ బయటకి వెళ్లేవాళ్లు. రాత్రి పదింటికి చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఏడ్చిన రోజులున్నాయి. ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం బాగుందనే చెప్పేదాన్ని. గాజులు గుర్తొచ్చేవి.

మొన్న ధైర్యం చేసి అడిగాను. గొడవ పడలేదు. ప్రభుత్వ ఉపాధి సంస్థ ఓపేర్ గురించి వేసిన సమాచార పత్రం ప్రింట్ తీసి వంటింటి బల్ల మీద పెట్టి, 30 గంటలు అని ఉంది కదా, మనం చాలా ఎక్కువ చేస్తున్నాం కదా అని అడిగాను. పిల్లల అమ్మ మొహం చూస్తే నిజంగానే అర్థం కానట్టుంది. కాసేపు నన్నే చూసి, "నువ్వే కదా అడిగింది" అంది. నాకేమీ తెలియలేదు. ఆవిడ లేచి వెళ్లి లాప్‌టాప్ తెచ్చి, తెరిచి, నా వైపు తిప్పింది.

ఓపేర్ల కోసం కుటుంబాలు వెతుక్కునే వెబ్‌సైట్ అది. అందులో నా పేరు, నా ఫోటో. అక్క పెళ్లిలో తీసిన ఫోటో, కన్సల్టెన్సీకి అప్లికేషన్ కోసం ఇచ్చింది. కింద నేను రాసినట్టుగా మెసేజీలు. ఒకటి రెండు కాదు, పేజీలకి పేజీలు. "నాకు ఇంటి పనంటే చాలా ఇష్టం. వంట, ఇస్త్రీ, శుభ్రం చేయడం అన్నీ చేస్తాను. శని ఆదివారాలు నాకు సెలవు అక్కర్లేదు. మా దేశంలో అమ్మాయిలు అలాగే పెరుగుతారు. భాషా తరగతి అంత ముఖ్యం కాదు." కింద నా పేరు. ఒక్క అక్షరం కూడా నేను రాయలేదు. ఆ వెబ్‌సైట్‌లో నాకు అకౌంట్ ఉందని కూడా నాకు తెలియదు. ఒక మెసేజీ తేదీ చూశాను. అది నా ఏ1 పరీక్ష ముందు రోజు. నేను హాస్టల్ గదిలో క్రియాపదాలు బట్టీపడుతున్న రాత్రి, వాళ్లు అమీర్‌పేటలో కూర్చుని నా పేరుతో నన్ను పనిమనిషిగా ఒప్పేసుకుంటున్నారు.

ఇది తట్టుకోలేకపోతున్నాను. డబ్బు పోతే ఎప్పుడో సంపాదించుకోవచ్చు. మా దేశంలో అమ్మాయిలు అలాగే పెరుగుతారని నా నోటితో నాకు తెలియకుండా చెప్పించారు. ఆ కుటుంబం కొన్ని నెలలపాటు నన్ను అలాగే చూసింది, ఎందుకంటే నేనే అలా చెప్పుకున్నానని వాళ్లు నమ్మారు. నేనవి రాయలేదని చెబితే ఆవిడ వెంటనే నమ్మలేదు. నా ఈమెయిల్ ఐడీ ఆ అకౌంట్‌లో ఉన్నది కాదని చూపించాక, తలపట్టుకుని కూర్చుంది.

అక్కడే, ఆ బల్ల దగ్గరే, కన్సల్టెన్సీ మేడమ్‌కి ఫోన్ చేశాను. డబ్బు కట్టేదాకా నేను "తల్లీ"ని, "నా కూతురు లాంటిదానివి." ఇప్పుడు విషయం చెప్పగానే, "అందరి ప్రొఫైళ్లూ మేమే రాస్తాం, అలా రాయకపోతే నిన్నెవరు తీసుకుంటారు?" అంది. వేరే కుటుంబం చూపించమంటే ఇంకో లక్ష అడిగింది. నాన్నని కాన్ఫరెన్స్‌లో కలిపాను. ఆయన ఎప్పుడూ ఎవరినీ గట్టిగా అననివాడు. "అమ్మా, మిమ్మల్ని నమ్మి పిల్లని పంపించాం" అన్నారు, అంతే. దానికి ఆవిడ, "నమ్మి పంపించారా, ఫారిన్ ఆశపడి పంపించారా? ఇష్టం లేకపోతే టికెట్ కొనుక్కుని వచ్చేయమనండి, ఆ సీటుకి నా దగ్గర చాలామంది ఉన్నారు" అని పెట్టేసింది. తర్వాత నా నంబర్, నాన్న నంబర్ రెండూ బ్లాక్. మా నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. ఫోన్‌లో ఆయన ఊపిరి మాత్రం వినపడింది. ఆవిడ నన్ను ఎన్నైనా అననీ, ఆయన్ని అన్న ఆ మాట మాత్రం మర్చిపోను.

నా ఒక్కదానికే కాదు. మాతో పాటు అప్లై చేసిన గుంటూరు అమ్మాయికి "ఫ్రాంక్‌ఫర్ట్‌లో మన తెలుగువాళ్ల ఇల్లే, పండగలకి పులిహోర కూడా దొరుకుతుంది" అని చెప్పి డబ్బు కట్టించుకున్నారు. వీసా తిరస్కరించారు. తిరస్కరిస్తారు కూడా, ఎందుకంటే ఇంట్లో జర్మన్ మాట్లాడాలి, అది వాళ్ల మాతృభాష కానప్పుడు ఆ కుటుంబం వచ్చిన దేశం నుంచే ఓపేర్‌ని తెచ్చుకోవడానికి వీల్లేదు. భాష నేర్చుకోవడానికి కదా వెళ్లేది. రోజూ ఇదే పని చేసే కన్సల్టెన్సీకి ఈ నిబంధన తెలియదంటే నేను నమ్మను. ఆ అమ్మాయికి ఒక్క రూపాయి తిరిగివ్వలేదు. "ప్రాసెసింగ్ ఫీజు వాపసు ఉండదు" అని ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉందట. వాళ్ల నాన్న మిర్చి రైతు.

ఇంకొకటి తెలిశాక ఒళ్లు మండిపోయింది. జర్మనీలో ఉన్న ఏజెన్సీలు ఓపేర్ దగ్గర 150 యూరోలకి మించి తీసుకోకూడదని అక్కడ నిబంధనే ఉంది. మన డబ్బులో పదిహేను వేల చుట్టుపక్కల. నా దగ్గర తీసుకున్నది మూడున్నర లక్షల దాకా. చేసింది నా పేరుతో అబద్ధాలు రాయడం. ఆస్‌బిల్డుంగ్ గ్యారంటీ అన్నది కూడా శుద్ధ అబద్ధం. ఓపేర్ అనుమతి ఎక్కువలో ఎక్కువ ఏడాదే, పొడిగించరు. ఆస్‌బిల్డుంగ్ కావాలంటే మళ్లీ వేరేగా భాష బాగా రావాలి, తీసుకునే సంస్థ దొరకాలి, వేరే అనుమతి రావాలి. కష్టపడి అలా వెళ్లినవాళ్లున్నారు, వాళ్లని చూసి నాకూ ఆశే. అమీర్‌పేటలో కూర్చుని దాన్ని గ్యారంటీగా అమ్మే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఇప్పటి పరిస్థితి చెబుతాను, చాలామంది అడుగుతారు. ఆ ఇంట్లో పని 30 గంటలకి తగ్గించారు. ఆదివారం నాది. ఆవిడ భాషా తరగతి డబ్బు పాత నెలలది కూడా ఇచ్చింది, క్షమాపణ కూడా చెప్పింది. అయినా నేను అక్కడ ఉండలేకపోతున్నాను, వేరే కుటుంబం వెతుక్కుంటున్నాను. కుటుంబం మారడానికి వీలుంది, కానీ విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి, ఏడాది లెక్క మాత్రం మొదటి నుంచే నడుస్తుంది. చిన్నదానికి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఈ పాపం కూడా ఆ మేడమ్‌దే.

నాన్న పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు. నా దగ్గర ఆ మెసేజీల స్క్రీన్‌షాట్లు అన్నీ ఉన్నాయి.

వెళ్లాలనుకునేవాళ్లు: ప్రొఫైల్ మీరే రాయండి, పాస్‌వర్డ్ మీ చేతిలోనే ఉండాలి. ఏ కుటుంబమైనా మీతో నేరుగా, పక్కన ఎవరూ లేకుండా వీడియో కాల్‌లో మాట్లాడాలి. పని గంటలు, సెలవు రోజులు అప్పుడే అడగండి. ఒప్పందం కాపీ మీ దగ్గర లేకుండా విమానం ఎక్కొద్దు. రశీదు మీద అసలు విషయం రాయకపోతే డబ్బు ఇవ్వొద్దు. వీసాకి దరఖాస్తు చేసేనాటికి వయసు 18 నిండి, 27 నిండకుండా ఉండి, ఏ1 జర్మన్ ఉంటే చాలు, మిగతాదంతా మీరే చేసుకోగలిగిన పని. ఇప్పటికే వచ్చి ఇబ్బంది పడుతున్నవాళ్లు జర్మనీలో 116 016కి ఫోన్ చేయండి, ఆడవాళ్ల మీద జరిగే హింస గురించి ఉచితంగా మాట్లాడే హెల్ప్‌లైన్, రాత్రైనా పగలైనా తీస్తారు. ప్రాణం మీదకి వస్తే పోలీసులకి 110. ఎవరైనా పాస్‌పోర్ట్ తీసుకుని దాచుకుంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు.

అదే కన్సల్టెన్సీలో డబ్బు కట్టినవాళ్లెవరైనా ఉంటే ఇవాళే మీ ఫోటోతో, మీ పేరుతో ఆ వెబ్‌సైట్లలో వెతకండి. మీరు చేయని ప్రొఫైల్ కనిపిస్తే ముందు స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టండి. నాకు మెసేజీ పెట్టండి, మా నాన్న ఇచ్చిన ఫిర్యాదుకి మీదీ జత చేద్దాం.