నల్లగొండల పీఎస్ 5 కొనాల్నా వద్దా, ఆరు నెల్లు ఆడినంక చెప్తున్న

పీఎస్ 5 అంటె సోనీ వాళ్ళ కన్సోల్, టీవీకి కలిపి గేములు ఆడే డబ్బా. 2025 దసరాకు కొన్న. అంతకుముందు రెండేండ్లు కొందమా వద్దా అని సోచాయించుడే సరిపోయింది. టీవీ కింద పెట్టుకునే డబ్బాకు యాభై వేలా అంటే మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు. మా నాయినకైతే ఇప్పటికి పదిహేను వేలనే చెప్పిన, ఇది చదివేటోళ్ళల్ల మా గల్లీ వాళ్ళుంటే జెర నోరు మూసుకోండ్రి.

నాది స్లిమ్, అంటె తర్వాత వచ్చిన సన్న మోడల్, గేము డిస్కు పెట్టుకునే డ్రైవ్ ఉన్నది. డిజిటల్ దాంట్ల ఆ డ్రైవ్ ఉండదు, గేములు నెట్ ల కొని దించుకునుడే. మన దేశంల ఇది 2024 ఏప్రిల్ల వచ్చినప్పుడు డిస్క్ ది 54,990, డిజిటల్ ది 44,990. నేను పండగ ఆఫర్ల 5,000 తగ్గితే 49,990కి తీస్కున్న. మొదటి పీఎస్ 5 2021 ఫిబ్రవరిల మన దగ్గరికి వచ్చినప్పుడు గదే రేటుండె, ఆ తర్వాత పెంచిండ్రు. ఫోన్లు, టీవీలు పాతగైతుంటె చవకైతయి, దీని లెక్క ఉల్టా, నేను రెండేండ్లు ఆగి మిగిలిచ్చుకున్నది ఏం లేదు.

ఇగ అసలు ముచ్చట డిస్క్. ఎవ్వన్ని అడిగినా డిజిటల్ తీస్కో పైసలు మిగుల్తయి, ఇప్పుడు డిస్కులు ఎవడు వాడుతుండు అన్నరు. నేను కూడా గదే తీస్కుందమని క్లాక్ టవర్ కాడ ఒక షాపుకు పోయిన. వాడు ఒట్టి బాక్స్ ఇయ్యడట, రెండు గేములు ఇంకో కంట్రోలర్ కలిపి తీస్కుంటెనే బిల్లు చేస్తడట, ఆ రెండు గేములల్ల ఒకటి పాత ఫుట్‌బాల్ ది, రెండేండ్ల కిందిది, అది వాని దగ్గర దుమ్ము పట్టి ఉంది. ఒద్దన్న అని బయటికొచ్చి ఆన్లైన్ల బుక్ చేస్తుంటె అప్పుడు తట్టింది, నేను డిజిటల్ కొంటె గేములన్నీ సోనీ వాళ్ళ స్టోర్ లనే కొనాలె, ఒక్క గేము అమ్ముకోలేను, ఎవ్వనికి అరువియ్యలేను, నచ్చకపోతె నెత్తిన పెట్టుకోని తిరుగుడే.

అందుకే డిస్క్ ది తీస్కున్న. లెక్క చెప్త వినుండ్రి. ఘోస్ట్ ఆఫ్ యోతేయ్ అని ఒక సమురాయ్ గేము సరిగ్గా అక్టోబర్ 2 నాడు వచ్చింది, ఆ ఏడు దసరా, గాంధీ జయంతి ఒక్కనాడే పడ్డయి కదా, మందు దుకాణాలు బంద్, మా దోస్తులందరు మొకాలు వేలాడేసుకోని కూసుంటె నేను గేము ఆడుకుంట కూసున్న. ఐదు వేల కాడికి పడ్డది. నెల రోజుల్ల అయిపోగొట్టి 3,800కి అమ్మిన. అంటే నాకు పడ్డది 1,200. గిట్ల మూడు గేములు తిప్పితె డిస్క్ మోడల్ కు ఎక్కువ పెట్టిన పైసలు ఇంటికొచ్చినట్టే. డిజిటల్ ల కూడా సంవత్సరం ఆగితే సగం రేటుకు సేల్ ల వస్తయి, నిజమే, కానీ ఆగుడు నాతోని కాదు.

కొన్ని గేములు అమ్మకుండ మార్చుకుంటం. నేను నల్లగొండ, ఒకడు మిర్యాలగూడ, ఒకడు మహబూబ్‌నగర్, ముగ్గురం డిగ్రీల ఒకటే రూము. డిస్కు బబుల్ కవర్ల చుట్టి ఆర్టీసీ కార్గోల ఏస్తె వచ్చేస్తది. మా మిర్యాలగూడోడు ఒకసారి డబ్బాల వేరే డిస్కు పెట్టి పంపిండు, వారం రోజులు ఫోన్ల తిట్టుకున్నం. గిట్ల మార్చుకునేటోళ్ళు నీకెవ్వరు లేరంటె మాత్రం డిస్క్ గురించి నేను చెప్పింది సగం పక్కకు పెట్టు. డిజిటల్ స్లిమ్ కు డ్రైవ్ తర్వాతన్నా తగిలించుకోవచ్చు, మొదటిసారి నెట్ కు కలిపి జత చేయాలె అంతే, కానీ ఎట్లైనా కొనేదే అయితె మొదలే తీస్కో.

ఒకటి మాత్రం నేను కొనేదాక సమజ్ కాలే. డిస్కు ఏస్తె వెంటనే ఆడొచ్చు అనుకున్న. కాదు. గేము మొత్తం లోపలి స్టోరేజిలకు ఎక్కుతది, డిస్కు తాళంచెవి లెక్క, ఆడేటప్పుడు లోపల ఉండాలె అంతే. పైంగ అప్డేట్లు పదుల జీబీలు ఉంటయి. మొదటి వారం ఫోన్ హాట్‌స్పాట్ పెట్టిన, రోజు డాటా మొత్తం మధ్యాహ్నం లోపే గుటుక్కుమంది. ఇంట్ల ఫైబర్ లేకుంటె ఇది కొనకుండ్రి, లేదంటె ముందు ఫైబర్ పెట్టించుకోండ్రి. స్లిమ్ ల 1 టీబీ ఉంది కాబట్టి నాకు సరిపోతుంది.

కరెంటు గురించి. ఆటల నడుమ కరెంటు పోయిందనుకో, మళ్ళ ఆన్ చేస్తె స్టోరేజి చెక్ చేసుకుంట కూసుంటది, నాకు నాలుగుసార్లు అయింది, గేము సేవ్ అయితే పోలే కానీ గుండె ఝల్లుమంటది. ఇప్పుడు టీవీ, ఇది రెండు ఇన్వర్టర్ లైన్ల పెట్టిన. ఎండకాలం మన నల్లగొండ సంగతి తెల్సుకదా, ఏప్రిల్ల మధ్యాహ్నం ఫ్యాన్ గాలే వేడిగొస్తది, గప్పుడు అద్దాల షోకేసుల పెట్టి ఆడితే ఇంకేముంది, బయట పెట్టుకోండ్రి. దుమ్ము నెలకొకసారి తుడుస్త. నిలబెడుదమంటె స్టాండు వేరేగ కొనాలె, నేను పండబెట్టిన, డబ్బాల వచ్చిన రెండు ప్లాస్టిక్ కాళ్ళు చాలు.

ఆడుడు ఎట్లుందంటె, సూపర్. కొనంగనే లోపల ఆస్ట్రోస్ ప్లేరూమ్ అని ఒక బొమ్మ గేము ఉంటది ఫ్రీగ, దాన్ని మా అక్క కొడుకులు ఇడిస్తలేరు. అండ్ల వాన పడ్తుంటె చేతుల కంట్రోలర్ టపటప అదురుతది, విల్లు గుంజితె ట్రిగ్గర్ బిగుసుకుంటది, ఇది ఫోన్ల ఆడేటోనికి చెప్పినా అర్థం కాదు. ఇట్ టేక్స్ టూ అని ఇంకోటి ఉంది, ఇద్దరే ఆడాలె, ఒక్కడివి ఆడనీకి రాదు. మా ఆవిడ "నాకెందుకు ఈ లొల్లి" అనుకుంటనే మొదలు పెట్టింది, రాత్రి పన్నెండింటికి "ఇంకొక్కటి ఇంకొక్కటి" అని ఆమెనే అంటుండె. దీనికి రెండో కంట్రోలర్ కావాలె, ఆరు వేల కాడికి పడ్తది, ఆ ఖర్చు ముందే లెక్కలేసుకోండ్రి. ఇంట్ల పక్కపక్కన కూసోని ఆడుకుంటె నెలనెలా పైసలేం లేవు, పైసలు పెట్టి కొన్న గేము ఆన్లైన్ల ఆడాలంటె మాత్రం పీఎస్ ప్లస్ కట్టాలె. ఫోన్ల ఆడే బీజీఎంఐ ఇండ్ల రాదు, అది అనుకోని కొనేటోళ్ళుంటె ఆగిపోండ్రి.

వేరేవి కూడా చూసిన. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ 2020ల 34,990కి వచ్చింది, తక్కువే, కానీ డిస్కు లేదు, ఆ రేటుదాంట్ల స్టోరేజి 512 జీబీనే, దాని గేమ్ పాస్, అంటె నెలనెలా కట్టి గేములు ఆడేది, దాని రేటేమో 2025 అక్టోబర్ల బాగా పెంచిండ్రు. నింటెండో స్విచ్ 2 అంటె బయటి దేశం నుంచి తెచ్చి అమ్మేదే, ఖరాబైతె ఎవని దగ్గరికి పోతవు. దీనికంటె పవర్ ఎక్కువున్న పీఎస్ 5 ప్రో 2024 నవంబర్ల వేరే దేశాలకు వచ్చినప్పుడు, అండ్ల ఉన్న 6 గిగాహెర్ట్జ్ వైఫైకి మన దగ్గర పర్మిషన్ లేదని సోనీనే మనకియ్యలే. నా టీవీ 43 ఇంచులు, 60 హెర్ట్జ్, అంటె సెకనుకు 60 బొమ్మలే చూపిస్తది, దానికి ప్రో ఏం జేస్తది. ఉన్న టీవీలనే గేమ్ మోడ్ ఆన్ చేస్కోండ్రి, బటన్ నొక్కుడుకు బొమ్మ కదులుడుకు నడుమ లేటు తగ్గుతది, నాకు ఇది నెల తర్వాత తెల్సింది.

అందరు అడిగేది జీటీఏ 6 గేము గురించి. దానికోసమని ఇప్పుడే కొనకుండ్రి. మొదలు 2025 అన్నరు, తర్వాత 2026 మే 26 అన్నరు, మళ్ళ నవంబర్ 19కి జరిపిండ్రు. కన్సోల్ వారంటీ సంవత్సరమే, బిల్లు చేసిన్నాటి నుంచి నడుస్తది, గేము రాకముందే అది సగం కరిగిపోతది. ఇప్పుడు ఉన్న గేములు ఆడాలనుకుంటె తీస్కోండ్రి, ఇంట్ల ఇంకొకరు కూసోని ఆడేటట్టుంటె ఇంకా మంచిది. ఒక్కనివే ఉండి, రోజు డ్యూటీకి హైదరాబాద్ పోయొచ్చేటోనివి అయితే నిజం చెప్పన్నా, టీవీ కింద బొమ్మోలె ఉంటది.

నా దగ్గర ఇప్పుడు క్రికెట్ 24 డిస్కు ఖాళీగ ఉంది, ఫీల్డర్లు అప్పుడప్పుడు పిచ్చి లేషినట్టు చేస్తరు కానీ మా పోరగాండ్లు బాగనే ఆడిండ్రు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ దిక్కు ఎవరి దగ్గరన్నా స్పైడర్‌మ్యాన్ 2 ఉంటె చెప్పుండ్రి, మారుద్దం. కార్గో పైసలు నేనే కడ్త.