ఇంజన్ మానిటర్: గాలిలో చదవడమా, దిగాక చదవడమా?

ఇంజన్ మానిటర్ అంటే ప్రతి సిలిండర్ ఉష్ణోగ్రతలను కాక్‌పిట్ తెర మీద చూపుతూ, నమోదు కూడా చేసే పరికరం. దాన్ని ఎగురుతూ తెర మీద చదవడం, దిగాక గ్రాఫుగా చదవడం: బెంగళూరు జక్కూరులో విమానం నడపడం నేర్చుకునే మన తెలుగు విద్యార్థులకు ఈ రెండూ అవసరమే గాని, రెండింటి పని ఒకటి కాదు. ప్రీ-ఇగ్నిషన్ (స్పార్కు పడకముందే ఇంధనం అంటుకోవడం) మొదలై ఒక సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత ఆగకుండా ఎగబాకుతుంటే నిమిషాల్లోనే పిస్టన్ కరిగిపోవచ్చు కనుక, వెంటనే పవర్ తగ్గించి ఇంధన మిశ్రమాన్ని చిక్కబరచాలి (అందులో ఇంధనం పాలు పెంచాలి). అక్కడ కాక్‌పిట్ తెరే దిక్కు.

కాలిపోతున్న ఎగ్జాస్ట్ వాల్వు (సిలిండర్ నుంచి కాలిన వాయువును బయటికి వదిలే మూత) మాత్రం అంత బాహాటంగా బయటపడదు. ఆ ఒక్క సిలిండర్ ఎగ్జాస్ట్ వాయువు ఉష్ణోగ్రత, సుమారు నిమిషానికొకసారి, 30 నుంచి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ మేర నెమ్మదిగా పెరిగి తగ్గుతుంటుంది. బయటి ఆకాశాన్ని గమనించవలసిన పైలట్ కంటికి, అలారం మోగించని ఆ ఊగిసలాట చిక్కడం కష్టం. దిగాక గీసిన గ్రాఫులో అది స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే వాల్వుల విషయంలో నా మొగ్గు గ్రాఫు వైపే. ఆ ఊగిసలాట కనిపించిన సిలిండర్‌ను మళ్లీ ఎగిరేలోపే బోర్‌స్కోపుతో (సిలిండర్ లోపలికి దూర్చి చూసే సన్నని పరికరంతో) పరీక్ష చేయించాలి.