'ఫుల్ వెర్షన్' అని ట్రయల్ అంటగట్టాడు, పాటలు చేసుకునేవాళ్ళు జాగ్రత్త

తిరుపతి చుట్టుపక్కల ఎవరితోనైనా ఎఫ్ఎల్ స్టూడియో (కంప్యూటర్లో పాటలు చేసుకునే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేయించుకుంటుంటే, డబ్బులిచ్చే ముందు ఒక్క పని చేయండి. చిన్న బీట్ ఏదైనా వేసి సేవ్ చేయండి. సాఫ్ట్‌వేర్ మూసేసి, అదే ఫైలు మళ్ళీ తెరవండి. నేనది చేయలేదు.

సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ అమ్మినాయనే 'ఫుల్ వెర్షన్, లైఫ్‌టైమ్' అని ఇంకో 4,500 తీసుకున్నాడు. పెట్టింది ట్రయల్. ట్రయల్లో అన్నీ పనిచేస్తాయి, సేవ్ అవుతుంది, పాట వేవ్‌గా, అంటే మామూలు ఆడియో ఫైలుగా, బయటికొస్తుంది. సేవ్ చేసిన ప్రాజెక్టు (పాటను మళ్ళీ మార్చుకోవడానికి ఉండే ఫైలు) మాత్రం లైసెన్సు కొనేదాకా మళ్ళీ తెరుచుకోదు. కంపెనీ దీన్నేమీ దాచలేదు, నాకు చెప్పనిది అమ్మినాయన.

నాలుగు రోజులదాకా నాకు తెలియనే లేదు. ఛార్జరు తీయకుండా, లాప్‌టాప్ ఆపకుండా, మూత మాత్రం వేసేవాణ్ణి, కాబట్టి ప్రాజెక్టు ఎప్పుడూ తెరిచే ఉండేది. గంగమ్మ జాతరకని మా వీధి పిల్లోళ్ళు అడిగిన పాట అది. పల్లవి, బిట్ (మధ్యలో వచ్చే మ్యూజిక్), చరణం, మళ్ళీ బిట్, రెండో చరణం, అన్నిటికీ ప్లేలిస్టులో, అంటే పాట ముక్కలు వరసగా పేర్చుకునే స్క్రీన్‌లో, మార్కర్లు పెట్టి పేర్చాను. వేవ్ పంపితే, "అన్నా, రెండో బిట్ సగం చేసి, ఆఖర్న పల్లవి ఇంకోసారి రానీ" అన్నారు. ఐదు నిమిషాల పని. ఆ రాత్రే కరెంటు పోయింది. బ్యాటరీ ముందే చచ్చింది. పొద్దున చూస్తే ప్రాజెక్టు తెరుచుకోలేదు.

సరే, ఉన్న వేవ్‌నే కోద్దామని కూర్చున్నా. మా పల్లవి తాళానికి అరబీటు ముందే ఎత్తుకుంటుంది. బార్ గీత (తాళం చుట్టు మొదలయ్యే చోటు) మీద కోస్తే 'అమ్మా'లో 'అ' ఎగిరిపోతుంది. కాస్త ముందుకు జరిపి కోస్తే చరణం చివరి తప్పెట మోత వెంటబడి వస్తుంది. విడి ట్రాకులుంటే గొంతు ఒక్కదాన్నే లాక్కోవచ్చు. కలిసిపోయిన వేవ్‌లో అది సంగటి కెలికాక బియ్యం ఏరడమే.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే మొదట "విండోస్ ప్రాబ్లం సార్" అన్నాడు. రెండోసారి, 1,500 ఇస్తే ఫ్రూటీ ఎడిషన్ (ఈ సాఫ్ట్‌వేర్‌లో కింది రకం) వేస్తానన్నాడు. అప్పుడు అందులో ఆడియో రికార్డింగే లేదు, ఆడియో క్లిప్పులు ప్లేలిస్టులో పెట్టుకోవడానికి కుదరలేదు. మరి గొంతు ఎక్కడ పెట్టేది? నాలా పాడించుకునేవాళ్ళకు అప్పుడు కనీసం దాని పైదైన ప్రొడ్యూసర్ ఎడిషన్ కావలసి వచ్చింది. చివరికి నేనే కంపెనీ సైట్లో నా పేరుమీద అది కొన్నాను. పాత ప్రాజెక్టు తెరుచుకుంది, పల్లవి ఆఖరికి చేరింది.

బిల్లు అడిగితే బ్లూ టిక్ పడింది, జవాబు లేదు. నా దగ్గరున్నది ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఒక్కటే. దాంతోనే 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను.

ఇది చదివేసరికి మీ దగ్గర అనుమానంగా ఉన్న ప్రాజెక్టు తెరిచే ఉంటే మూయకండి. ముందు ఒక్కో మిక్సర్ ట్రాక్‌ను (గొంతు, తప్పెట లాంటి ఒక్కో శబ్దాన్ని) విడి వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.