హెరిటేజ్ హోటలని నమ్మి డబ్బు కట్టే ముందు: ఏ బ్లాకులో గది ఇస్తారో రాయించుకోండి

విశాఖలో వేసవి ఉక్కపోత భరించలేక కొండ ప్రాంతాల్లోని పాత హోటళ్లకు వెళ్లాలనుకునేవారు, ముఖ్యంగా ఆ బసను మన ఊళ్లోని ట్రావెల్ ఏజెంట్ల దగ్గర ప్యాకేజీగా కొనేవారు, డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలని ఇది రాస్తున్నాను. మీకు ఇచ్చే గది పాత కట్టడంలోనే ఉందా, లేక అదే ఆవరణలో తరువాత కట్టిన కొత్త బ్లాకులో ఉందా అన్నదే ఆ ప్రశ్న. అది అడగకపోయినందుకు మా కుటుంబం రెండు గదులకు మూడు రాత్రుల అద్దెగా 81,420 రూపాయలు చెల్లించి, బ్రిటిష్ కాలం నాటి భవనాన్ని బయటి నుంచి చూసి తిరిగి వచ్చింది.

మా అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజుకు వారిని ఎక్కడికైనా తీసుకువెళ్లాలనుకున్నాము. నాన్నగారు ఓడరేవు సివిల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పాత కట్టడాలంటే ఆయనకు ఎంత ఇష్టమంటే, బీచ్ రోడ్డులో హవా మహల్ మీదుగా వెళ్లిన ప్రతిసారీ స్కూటరు వేగం తగ్గించి ఆ వరండాల వైపు ఒకసారి చూడందే ముందుకు సాగరు. అందుకే నగరంలోని ఒక ట్రావెల్ ఏజెన్సీలో గోడమీద నీలగిరుల్లోని పాత హోటలు ఫోటో కనిపించగానే నేను మరో మాట ఆలోచించలేదు. ఎత్తైన కప్పు, చెక్క నేల, కట్టెలు మండుతున్న ఫైర్‌ప్లేసు, రాతిగోడ మీదికి పాకిన తీగ, దాని కింద ‘హెరిటేజ్ బస, ఆధునిక సదుపాయాలు’ అన్న మాట. గదికి రాత్రికి 11,500 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ. మొత్తం సొమ్ము ముందుగానే చెల్లించాను. చేతికి వచ్చిన వోచరులో ‘హిల్ వ్యూ డీలక్స్’ అని మాత్రమే ఉంది. ఆ మాటకు అర్థమేమిటని నేను అడగలేదు, వారు చెప్పలేదు.

ఇలాంటి హోటళ్ల మీద మోజు పడడం తెలివితక్కువతనమని నేను అనను. విశాఖ జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో ఎండలు ముదరగానే ప్రభుత్వమే ఊటీకి తరలిపోయేది. మన జిల్లా ఫైళ్లు కూడా ఎన్నో అక్కడి చలిలోనే సంతకాలు పొంది ఉంటాయి. కొండ రైలు 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు చేరింది. అలాంటి ఊళ్లలో మిగిలిన పాత హోటళ్లకు, ఎంత డబ్బు పోసినా ఇవాళ కొత్తగా కట్టలేని కథ ఒకటి ఉంటుంది. సిమ్లాలోని సెసిల్ హోటల్లో 1922లో నెలకు యాభై రూపాయల జీతానికి గుమస్తాగా చేరిన మోహన్ సింగ్ ఓబెరాయ్ తరువాతి కాలంలో ఆ హోటలుకే యజమాని అయ్యారు. డార్జిలింగ్‌లోని విండమీర్, తేయాకు తోటల దొరలు దిగే బోర్డింగ్ హౌసుగా మొదలై 1939లో హోటలుగా మారింది. గోడల మందం, వంగిన చెక్క మెట్లు, రాత్రి దుప్పటి కింద పెట్టే వేడినీళ్ల సంచి, వీటితో పాటు ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు, వైఫై, మంచి వంట దొరికితే ఎక్కువ డబ్బు ఇవ్వడానికి ఎవరికైనా మనసొప్పుతుంది. ఆ మనసునే ఏజెంట్లు సొమ్ము చేసుకుంటున్నారు.

బొకారో ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు చేరి, అక్కడి నుంచి కారులో కొండ ఎక్కాము. నీలగిరులకు వెళ్లే వాహనాలకు 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి; ఏజెంటు ఆ సంగతే ఎత్తకపోవడంతో దారిలో ఆగి డ్రైవరు ఫోనులో తీసుకోవలసి వచ్చింది. హోటలు ముందు కారు దిగినప్పుడు మాత్రం ఫోటోలో ఉన్న భవనమే ఎదురుగా నిలబడి ఉంది. అమ్మ అప్పుడే ఫోటో తీయమంది. రిసెప్షన్‌లో పేర్లు రాసుకున్న తరువాత మమ్మల్ని ఆ భవనం లోపలికి కాకుండా దాని పక్కనుంచి కిందికి, నలభై రెండు మెట్లు దింపి, మూడంతస్తుల కాంక్రీటు బ్లాకుకు తీసుకువెళ్లారు. ఆ మెట్లు లెక్కపెట్టింది మోకాళ్ల నొప్పులున్న నాన్నగారే.

గదిలో ఫైర్‌ప్లేసు ఉన్న మాట నిజం. అది ప్లాస్టరుతో చేసిన చట్రం. లోపల ప్లాస్టిక్ కట్టెలు, వాటి వెనుక ఎర్ర బల్బు. చెక్కలా కనిపించిన నేల వినైల్ షీటు, మంచం కాలి దగ్గర అంచు లేచి దుమ్ము పట్టి ఉంది. కిటికీ తెరిస్తే పర్వతం బదులు జనరేటరు గది, దాని పైకప్పు మీద ఆరేసిన హోటలు దుప్పట్లు. నాన్నగారు అలవాటు కొద్దీ గోడను వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, “ఇది గోడ కాదురా, ప్లైవుడ్డు” అన్నారు. ఆయన కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. నవ్వుతూ అన్నారు.

పాత భవనంలోకి మార్చమని అడిగితే, మా వోచరు కొత్త బ్లాకుదేనని, పాత భవనంలో గది రాత్రికి 19,000 రూపాయలు, పన్ను అదనమని చెప్పారు. సాయంత్రం ఆరు దాటితే అక్కడి లాంజి ఆ భవనంలో దిగినవారికే. మా గదుల్లో రూము హీటరుకు రాత్రికి ఆరు వందలు వేరే కట్టాలి. భోజనం బిల్లులో సర్వీస్ ఛార్జీ కలిపారు. అది ఇష్టమైతే ఇచ్చేదే తప్ప బలవంతంగా వసూలు చేయరాదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది కదా అని గుర్తుచేస్తే మారుమాట లేకుండా తీసేశారు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: హోటలు సొంత వెబ్‌సైటులో రెండు బ్లాకుల ఫోటోలూ ధరలూ విడివిడిగానే ఉన్నాయి. నేను అది చూసింది కొండ ఎక్కిన తరువాత. పాత భవనం ఫోటో చూపి కొత్త బ్లాకు గది అమ్మింది ఏజెంటు.

తిరిగి వచ్చాక తెలుసుకున్న సంగతి ఇంకా ముఖ్యమైనది. కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ 1950కి ముందు కట్టిన భవనాల్లో నడిచే హోటళ్లకు హెరిటేజ్ గుర్తింపు ఇస్తుంది: 1935-1950 మధ్య కట్టినవి ‘హెరిటేజ్’, 1920-1935 మధ్యవి ‘హెరిటేజ్ క్లాసిక్’, 1920కి ముందువి ‘హెరిటేజ్ గ్రాండ్’. కానీ అవే నిబంధనల ప్రకారం పాత కట్టడం శైలికి తగ్గట్టుగా కొత్త భాగాలు కట్టుకోవచ్చు. అవి మొత్తం నిర్మాణంలో సగం మించకపోతే చాలు. అంటే ప్రభుత్వ గుర్తింపు సక్రమంగా ఉన్న హోటల్లో కూడా సగం నిర్మాణం నిన్నమొన్నటిది కావచ్చు. గుర్తింపు పత్రం చూపించారని ఊరుకోవద్దని చెప్పడం అందుకే. పేరు పాతదై భవనం కొత్తదైన చోట్లు కూడా ఉన్నాయి. సిమ్లా దగ్గరి వైల్డ్‌ఫ్లవర్ హాల్ పాత కట్టడం 1993లో అగ్నిప్రమాదంలో పోయింది, ఇప్పుడున్నది తరువాత కట్టినది. తెలిసి వెళ్లేవారికి అందులో మోసమేమీ లేదు.

కాబట్టి ఏజెంటు ‘హెరిటేజ్ రూమే సార్’ అన్నప్పుడు బ్లాకు పేరు, ఆ బ్లాకు కట్టిన సంవత్సరం, గదికి చేరడానికి ఎన్ని మెట్లు దిగాలో, హీటరు ధరలో కలిసి ఉందో లేదో ఈమెయిల్‌లో రాసి పంపమనండి. ఆ తరువాత హోటలుకు మీరే ఫోను చేసి, వోచరులో ఉన్న కేటగిరీ పేరు చదివి వినిపించి, అది ఏ భవనమో అడగండి. రెండు నిమిషాల పని. మొత్తం ముందే కట్టమంటే ఒప్పుకోకండి. గోడమీది ఫోటోను మీ ఫోనులో తీసి ఉంచుకోండి. నా ఫిర్యాదుకు ఇప్పుడు ఆధారంగా నిలిచింది అమ్మకు చూపించడానికని ఆ రోజు తీసుకున్న అలాంటి ఫోటో ఒక్కటే.

ఏజెంటు మొదట తనకేమీ సంబంధం లేదన్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన తరువాత, ‘గుడ్‌విల్’ అంటూ తొమ్మిది వేలు ఖాతాలో వేశాడు. తక్కిన సొమ్ము కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తున్నాను. హోటలు తమిళనాడులో ఉన్నా, 2019 నాటి చట్టం ప్రకారం మనం నివసించే చోటే, అంటే విశాఖలోనే, ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము లేదు, గడువు రెండేళ్లు.

గత వారం ఆ ఏజెన్సీ ముందు నుంచి వెళ్లాను. అదే ఫోటో గోడమీద ఉంది. దాని మూలన దసరా సెలవుల ప్యాకేజీ అంటూ కొత్త ధర అతికించారు.