1,40,000 కిలోమీటర్ల తర్వాత ముందు సస్పెన్షన్: ఏది ముందు అరిగింది, ఏది నిలిచింది

బండి పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. వయసు 11 ఏళ్లు, తిరిగింది 1,40,000 కి.మీ. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జర్ కలిసిన నిలువు కాలు), వెనక టోర్షన్ బీమ్ (వెనక చక్రాలు రెంటినీ కలిపే, మెలిపడే దూలం). స్విఫ్ట్, బాలెనో, ఐ20 లాంటి కార్లలోనూ ఇదే అమరిక కాబట్టి ఈ సమీక్షలో చాలా భాగం వాటికీ పనికొస్తుంది. ఎక్కువ తిరుగుడు కాకినాడ చుట్టుపక్కల, కోనసీమ కాలవగట్ల రోడ్ల మీద, నెలకోసారి హైదరాబాద్. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, నల్లరేగడి మీద వేసిన తారురోడ్డు అలలు అలలుగా లేస్తుంది, నగరంలో మ్యాన్‌హోల్ మూతలు ఒక్క చక్రాన్నే కొడతాయి. సస్పెన్షన్‌కి ఇంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు.

ఇన్నేళ్ల వాడకంలో రెండు విషయాలు తేలాయి. ముందువైపు శబ్దం రాగానే "షాకబ్జర్లు పోయాయి" అనేస్తారు గానీ, చాలాసార్లు ఆ శబ్దం వాటిది కాదు. రెండోది, కొత్త లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే ఇనప చేతికీ బండికీ మధ్య ఉండే రబ్బరు) ఎన్నాళ్లు ఉంటుందన్నది దాని మీద ఏ కంపెనీ పేరుందో అన్నదానికన్నా, బోల్టు బిగించేటప్పుడు చక్రం ఏ ఎత్తులో ఉందన్నదాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

అరిగిన వరస ఇది. లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరుగుని తగ్గించే యాంటీ రోల్ బార్‌ని చక్రం వైపు కలిపే చిన్న కడ్డీలు) 42,000 దగ్గర, లోయర్ ఆర్మ్ వెనక బుష్‌లు 65,000 దగ్గర, స్ట్రట్ పైన ఉండే మౌంటు, బేరింగ్ 80,000 దగ్గర, ముందు షాకబ్జర్లు 95,000 దగ్గర, టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కదలికని చక్రానికి అందించే కడ్డీల చివరి జాయింట్లు) 1,10,000 దగ్గర. వెనక బీమ్ బుష్‌లు ఇప్పటికీ బండితో వచ్చినవే.

శబ్దం ఎప్పుడు వస్తోందన్నదే సగం జబ్బు చెప్పేస్తుంది. గతుకుల రోడ్డు మీద 20 కి.మీ. వేగంలో కటకటమని వస్తూ, స్పీడ్ బ్రేకర్‌ని రెండు చక్రాలతో నేరుగా ఎక్కిస్తే మాత్రం రాకపోతే, ముందు లింక్ రాడ్లను అనుమానించాలి. రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు యాంటీ రోల్ బార్ మెలిపడదు, లింక్ మీద బలం పడదు. ఒక్క చక్రం గుంతలో దిగినప్పుడే బార్ మెలిపడి, లింక్ చివర ఉండే అరిగిన బాల్ తన గిన్నెలో అటూ ఇటూ కొట్టుకుంటుంది. చాలామంది ఒక్క వైపే జాకీ పెట్టి లింక్‌ని ఊపి చూస్తారు. అప్పుడు బార్ మెలిపడి ఉంటుంది కాబట్టి లింక్ బిగుతుగా లాగబడి, ఉన్న లూజు కూడా కనపడదు. రెండు చక్రాలూ నేల మీద ఉండగానో, రెండూ గాల్లో వేలాడుతుండగానో చూడాలి. ఇంకా అనుమానం తీరకపోతే రెండు లింకులూ పూర్తిగా విప్పి, బార్ దేనికీ తగలకుండా చూసుకుని, ఇంటి వీధిలో నిదానంగా ఒక చుట్టు తిప్పండి. శబ్దం పోయిందంటే జవాబు దొరికినట్టే. అలా విప్పిన బండి మలుపుల్లో బాగా ఒరుగుతుంది, పెద్ద రోడ్డు ఎక్కించకూడదు.

బ్రేకు వేసినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి దడ్ మని వస్తే లోయర్ ఆర్మ్ వెనక బుష్. ఖాళీ స్థలంలో పది కిలోమీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ నడుపుతూ ప్రతిసారీ బ్రేకు గట్టిగా వేస్తే తేలిపోతుంది. బ్రేకులో స్టీరింగు ఒక పక్కకి లాగడం, టైరు లోపలి అంచు త్వరగా అరగడం కూడా దీని గుర్తులే. కింద చూసేటప్పుడు ఒక జాగ్రత్త: వెనక బుష్ రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు, చువ్వ పెట్టి ఎత్తితే కొంత కదులుతుంది. పైపైన సన్నటి పగుళ్లున్నా కంగారు పడక్కర్లేదు. రబ్బరు అవతలి వైపు దాకా చిరిగినా, లోపలి ఇనప గొట్టం నుంచి విడిపోయినా మార్చాలి. అటూ ఇటూ పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది.

బండి నిలబెట్టి స్టీరింగు తిప్పితే టంగ్ మని స్ప్రింగు ఎగిరినట్టు వస్తే స్ట్రట్ బేరింగ్. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే మరొకరు స్ప్రింగు మీద చెయ్యి ఆనించాలి. నునుపుగా తిరగకుండా పట్టి పట్టి వదులుతుంటే అదే.

లోయర్ ఆర్మ్ చివర చక్రం వైపు పట్టే బాల్ జాయింటుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మిగతావాటిలో చాలావి అరిగితే శబ్దం, టైరు నష్టం. ఇది ఊడితే చక్రం పక్కకి వాలిపోతుంది. చక్రం గాల్లో ఉండగా పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజుంటే ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. లూజు మాయమైతే చక్రం బేరింగుది, అలాగే ఉంటే బాల్ జాయింటుది. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే దొరికేది టై రాడ్ ఎండ్ లేదా రాక్ ఎండ్ (అదే కడ్డీ లోపలి చివర). రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికొచ్చిందంటే, ఈ రోజు లూజు లేకపోయినా ఇసుక, నీరు లోపలికి చేరి త్వరలోనే వస్తుంది.

షాకబ్జర్ విషయానికొస్తే, బానెట్ మీద నొక్కి వదిలే పరీక్ష పూర్తిగా పోయినవాటినే పట్టిస్తుంది. సగం బలం పోయినవి అందులో నెగ్గేస్తాయి. ఒంటి మీద సన్నటి తడి, దానికంటుకున్న దుమ్ము మామూలే. నూనె ధారగా కిందికి జారి ఉంటే సీలు పోయినట్టు. టైరు చుట్టూ చేత్తో తడిమితే ఎత్తుపల్లాలుగా గిన్నెల్లా తగలడం మంచి గుర్తు. కోనసీమ రోడ్ల అలల మీద 60 దాటినప్పుడు బండి ఒక్కసారి ఊగి ఆగక రెండు మూడుసార్లు తేలుతుంటే చూడాల్సింది వీటినే. అంటే అరిగిన షాకబ్జర్ ఎక్కువగా ఊపుతో బయటపడుతుంది, కటకటతో కాదు.

ఇక మరమ్మతు. లింక్ రాడ్ అరగంట పని, ఉప్పుగాలి తగిలిన బండికి గంట. ముందు రోజు రాత్రే నట్లకి తుప్పు వదిలే నూనె కొట్టి పెట్టాలి. నట్టు తిప్పుతుంటే బాల్ స్టడ్డు కూడా తిరుగుతుంది. దాని చివర అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది, దాన్ని ముందు వైరు బ్రష్షుతో శుభ్రం చేయాలి. మట్టి నిండిన గుంటలో కీ పెట్టి తిప్పితే అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత కోయడమే దారి. ఈ మరమ్మతులన్నిటిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. జత లింకుల ఖర్చు ఒక స్ట్రట్ ఖర్చులో చిన్న భాగం.

స్ట్రట్ విప్పేముందు చక్రం నట్లు నేల మీదే వదులు చేసి, బండిని స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి వెళ్లొద్దు. స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రాన్ని, బ్రేకుని మోసే ఇనప భాగం) పట్టే రెండు బోల్టుల చుట్టూ పెయింటుతో గీత పెట్టండి. కొన్ని బళ్లలో అక్కడున్న కొద్దిపాటి సందు వల్లే క్యాంబర్ (చక్రం లోపలికో బయటికో ఒరిగే కోణం) మారుతుంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు ముందే విడదీసి, నకిల్‌ని తాడుతో కట్టాలి. దాని బరువు బ్రేకు గొట్టం మీద పడకూడదు, బయటికి వాలితే ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు ఊడొచ్చు. స్ప్రింగుకి రెండు కంప్రెసర్లు ఎదురెదురుగా పెట్టి, అది పై గిన్నె నుంచి పూర్తిగా వదులైందని చేత్తో తిప్పి చూశాకే మధ్య నట్టు ముట్టుకోవాలి. కొత్తదానికి ఆ నట్టుని గాలి గన్నుతో బిగిస్తే షాకబ్జర్ రాడ్డు గిర్రున తిరిగి సీలు దెబ్బతింటుంది. రాడ్డుని పట్టకారుతో పట్టుకున్నా అంతే, దాని మీద పడ్డ గీత కొత్త సీలుని కోసేస్తుంది. అలెన్ కీ, రింగు పాన చాలు. అట్టపెట్టెలో పడుకోబెట్టి ఉంచిన షాకబ్జర్‌ని బిగించేముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగితే లోపల నూనెలో చేరిన గాలి పైకి పోతుంది.

బంప్ స్టాపు, దుమ్ము బూటు కూడా కొత్తవే వేయాలి. ఇవి చవక వస్తువులు, అందుకే చాలా చోట్ల పాతవే తిరిగి ఎక్కిస్తారు. పొడైపోయిన బంప్ స్టాపుతో కొత్త షాకబ్జర్ పెద్ద గుంతలో అడుగుకి కొట్టుకుంటుంది, బూటు లేకపోతే రాడ్డు మీద పడ్డ ఇసుక సీలుని అరగదీస్తుంది. రెండు వైపులా ఒకేసారి మార్చడం కూడా ఖర్చు పెంచే మాట కాదు. కొత్తదీ పాతదీ కలిపితే బ్రేకులో, మలుపులో బండి రెండు పక్కలా రెండు రకాలుగా నడుస్తుంది. రంధ్రం వేసి నూనె నింపి వెల్డింగు పెట్టిన రీకండిషన్ షాకబ్జర్ల జోలికి మాత్రం పోవద్దు. వాల్వులూ సీలూ పాతవే కదా, నూనె ఒక్కటే కొత్తదైతే ఏం లాభం?

లోయర్ ఆర్మ్ దగ్గరే అసలు పొరపాటు జరుగుతుంది. రబ్బరు బుష్ బేరింగులా తిరిగేది కాదు. లోపలి గొట్టాన్ని బోల్టు బిగించి పట్టేస్తుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరు మెలిపడి మళ్లీ మొదటికి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, రబ్బరుకి ఆ వేలాడే స్థితే మొదలు అవుతుంది. బండి నేలకి దిగగానే మెలిపడి, ఇక రాత్రింబగళ్లు అలాగే ఉంటుంది. గుంత వచ్చినప్పుడు ఆ మెలి ఇంకా పెరుగుతుంది. 65,000 దగ్గర వేసిన ఎడమ బుష్ ఇలా బిగించడం వల్లే 9,000 కి.మీ.కే చిరిగింది. అదే పెట్టెలోని జత, సరైన ఎత్తులో బిగించిన కుడి బుష్, 60,000 దాటినా బాగుంది. చేయాల్సింది ఇంతే: బోల్టులు చేత్తో ఎక్కించి వదులుగా ఉంచండి. బాల్ జాయింటు కింద చెక్క, జాకీ పెట్టి ఆ మూల బరువు స్టాండు మీద నుంచి తేలబోయేదాకా లేపండి, లేదా బండిని ర్యాంపు మీదికి ఎక్కించండి. అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పాన) మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న అంకెకి బిగించండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. గ్యారేజీలో చేయిస్తుంటే దగ్గరుండి అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న: బోల్టు బిగించేటప్పుడు బండి బరువు చక్రం మీద ఉందా?

బుష్ ఒక్కటే మార్చాలా, ఆర్మ్ మొత్తమా? బాల్ జాయింటు బిగుతుగా, బూటు చెక్కుచెదరకుండా ఉంటే బుష్ చాలు, కానీ ప్రెస్సుతోనే ఎక్కించాలి. సుత్తితో కొడితే బయటి గొట్టం వంకరవుతుంది. రబ్బరు జారడానికి సబ్బునీళ్లు వాడాలి, ఇంజనాయిలు వద్దు. పాతది తీయకముందే దాని ఖాళీలు ఏ దిక్కున ఉన్నాయో ఆర్మ్ మీద గీత గీసుకోండి. దిక్కు మారితే బ్రేకులో బండి పట్టు మారిపోతుంది. లక్ష దాటిన బండికి ఆర్మ్ మొత్తం మార్చడమే నాకు నచ్చింది, రెండుసార్లు కూలి ఇవ్వక్కర్లేదు.

పనయ్యాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాలి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ షాపు వరకైనా బండి తిన్నగా నడుస్తుంది. అరిగిన బుష్‌తో అలైన్‌మెంట్ చేయించడం మాత్రం డబ్బు దండగ. యంత్రం మీద అంకెలు సరిగ్గానే వస్తాయి, మొదటి బ్రేకుకే ఆర్మ్ వెనక్కి జరిగి అవి చెదిరిపోతాయి.

ప్రస్తుతం బండి కింద పరిస్థితి: రెండో జత లింక్ రాడ్లలో కుడిదానికి బూటు దగ్గర చిన్న పగులు, గ్రీజు ఇంకా బయటికి రాలేదు. వెనక బీమ్ ఎడమ బుష్ పైన గీతలు మొదలయ్యాయి, చువ్వ పెడితే ఇనుము నుంచి విడిపోలేదు. వర్షాకాలం అయ్యాక రెండూ మళ్లీ చూడాలి.