ఒకే వీసా, మూడు రకాల సిమ్‌లు: పారిస్ నుంచి రోమ్ దాకా

గత వేసవిలో అమ్మ, నాన్నగారు, మా ఆవిడ, నేను కలిసి పారిస్, లూసర్న్, వెనిస్, రోమ్ నగరాలను పధ్నాలుగు రోజుల్లో చూసి వచ్చాము. బసల గురించి, రైళ్ల గురించి నెలల తరబడి ఆరా తీసిన మేము ఫోన్ సంగతిని మాత్రం బయలుదేరే వారం వరకు పట్టించుకోలేదు. చివరికి నేను మన నంబరు మీదే రోమింగ్ ప్యాక్ వేయించుకున్నాను. మా ఆవిడ ఇంట్లో ఉండగానే యూరప్ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) కొనుక్కుంది. ఈసిమ్‌కు పనికిరాని పాత ఫోన్లు వాడే అమ్మానాన్నలకు పారిస్‌లోనే స్థానిక సిమ్‌లు తీసుకోవాలనుకున్నాము.

విమానాశ్రయంలో సిమ్ ధర విని వెనక్కి తగ్గాము. మర్నాడు గార్ ద ల్యోన్ స్టేషన్ సమీపంలోని ఒక దుకాణంలో పాస్‌పోర్టులు చూపించి, దాదాపు సగం ధరకు తీసుకున్నాము. అయితే మొదటి రాత్రి మేము దిగిన అపార్ట్‌మెంటులో మనిషన్నవాడు లేడు. వీధి తలుపు తెరిచే అంకెలు వాట్సాప్‌లో పంపారు. విమానం దిగగానే పనిచేసిన మా ఆవిడ ఈసిమ్ పుణ్యమా అని లోపలికి వెళ్లగలిగాము గానీ, నా రోమింగ్ అప్పటికింకా కుదురుకోలేదు. స్టేషన్‌కు దగ్గరన్న సుఖం తప్ప, పెద్దవారితో వెళ్లేవారికి అలాంటి బసను నేను సిఫారసు చేయను.

అసలు పాఠం పారిస్ నుంచి లూసర్న్‌కు రైల్లో వెళ్తుండగా, స్విట్జర్లాండ్ సరిహద్దు నగరం బాజెల్ దగ్గర ఎదురైంది. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నుంచి ఒక సభ్యదేశపు సిమ్‌ను మరో సభ్యదేశంలో అదనపు రుసుము లేకుండా వాడుకోవచ్చు. నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టెయిన్ కూడా ఆ ఏర్పాటులో ఉన్నాయి. స్విట్జర్లాండ్ లేదు. పలు యూరప్ దేశాలకు ఒకటే అయిన మన షెంజెన్ వీసా అక్కడ చెల్లుతుంది కాబట్టి సిమ్ కూడా చెల్లుతుందని అనుకోవడం మా పొరపాటు. నాన్నగారు ఫోన్‌లో వార్తలు చూస్తుండగా, ఫ్రాన్స్ వైపు ఊరు ములూజ్ దాటిన కాసేపటికి వార్తలు చదివే ఆవిడ బొమ్మ నోరు తెరిచి అలాగే నిలిచిపోయింది. సరిహద్దు దాటామని మాకు చెప్పింది ఆ బొమ్మే. స్విట్జర్లాండును కూడా కలిపి ఇచ్చే ప్యాక్‌లు లేకపోలేదు. కొనేముందు దేశాల జాబితాలో ఆ పేరుందో లేదో మేమే చూసుకోవలసింది.

లూసర్న్ హోటల్లో గది చిన్నదైనా వైఫై చక్కగా ఉండడంతో ఆ మూడు రోజులు గడిచిపోయాయి. కానీ మిలాన్ నుంచి వెనిస్‌కు రైలు టిక్కెట్లు నాన్నగారి కార్డుతో కొనబోతే, ఓటీపీ రావలసిన ఇండియా సిమ్ ఫోన్‌లో లేదు. పారిస్‌లో కొత్త సిమ్ వేసేటప్పుడు, రెండో అరలో మనవల ఫొటోలున్న మెమరీ కార్డు తీయడానికి ఆయన ససేమిరా అనడంతో, అమ్మ ఆ సిమ్‌ను తీసి మాత్రల డబ్బా మూతకు బ్యాండేజీ ముక్కతో అంటించింది. అమ్మ పిన్నీసుతోనే సిమ్ అర తెరిచి, దాన్ని మళ్లీ పెట్టి, ఓటీపీ వచ్చేదాకా నలుగురం కిటికీ దగ్గర నిలబడ్డాము. ఇండియా నంబరుకు ఇంటర్నేషనల్ రోమింగ్‌ను బయలుదేరకముందే ఆన్ చేయించి ఉంచడం వల్ల మాత్రమే ఆ సందేశం వచ్చింది.

నా లెక్కలో ఈసిమ్‌కే మొదటి మార్కు: ఇండియా సిమ్ దాని చోట అది ఉంటుంది, డేటా మాత్రం కొత్తదానిలో నడుస్తుంది. ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ ఆపివేయడం మాత్రం మరువకూడదు. మా ఆవిడ తీసుకున్నది డేటా మాత్రమే ఇచ్చే రకం కాబట్టి అక్కడి నంబరంటూ ఉండదు. వెనిస్‌లో హోటల్‌వారికి నా నంబరు ఇవ్వవలసి వచ్చింది. రోమింగ్ ప్యాక్ ఖరీదైనదే అయినా నాలుగైదు రోజుల ప్రయాణానికి, ఫోన్‌తో కుస్తీ పట్టడం ఇష్టం లేనివారికి అదే మేలు. స్థానిక సిమ్ ఒకే దేశంలో ఎక్కువ రోజులుండేవారికి లాభం.

వచ్చే ఏడాది మా చెల్లెలి కుటుంబం పారిస్‌తో పాటు లండన్ కూడా వెళ్తోంది. బ్రిటన్ యూనియన్‌ను వీడింది కాబట్టి, ఆ పేరు కూడా ప్యాక్‌లో ఉందో లేదో చూసుకోమని చెప్పాను. బావగారి ఫోన్‌లో రెండో అర ఖాళీగా ఉందో లేదో కూడా అడిగాను.