పాత ఎయిర్ గన్, కొత్త తోలు: నాలుగేళ్ళ వాడకం తరవాత

ఈ తుపాకీ బాగుచేయడానికి నేను పెట్టిన డబ్బంతా లెక్కేస్తే, ఇంకాస్త కలుపుకుంటే కొత్తదే వచ్చేది. అందులో నిజంగా పని చేసింది అరవై రూపాయల తోలు ముక్క. మిగతాదంతా నా తొందరపాటుకి నేను కట్టుకున్న జరిమానా. కాబట్టి చెక్కకి అవిసె నూనె ఎన్ని పూతలు వేయాలి, బ్యారెల్‌కి ఆ నల్ల నీలం రంగు ఎలా తెప్పించాలి అని చూస్తున్నవాళ్ళకి ఇక్కడ పెద్దగా దొరకదు. నేను చెప్పబోయేది ముఖ్యంగా తోలు వాషర్ గురించి.

నాన్న దీన్ని 1988లో విజయవాడ గవర్నర్‌పేటలో కొన్నారు. మధ్యకి విరిచి గుండు పెట్టే రకం, 0.177 బోరు (అంటే గొట్టం లోపలి వెడల్పు 0.177 అంగుళం, 4.5 మి.మీ.). బ్యారెల్ విరిస్తే లోపలి స్ప్రింగ్ నొక్కుకుంటుంది, ట్రిగ్గర్ లాగితే అది సిలిండర్‌లో పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, ఆ నొక్కుడికి గాలి గుండుని బయటికి కొడుతుంది. తిరనాళ్ళలో బెలూన్లు కొట్టిస్తారే, అలాంటిదే. వేసవి సెలవుల్లో నేనూ మా తమ్ముడూ దాన్ని పెట్టిన హింస అంతా ఇంతా కాదు. గుళ్ళు అయిపోతే పెసలు, తడిపి ఉండ చేసిన కాగితం. అవీ లేకపోతే ఖాళీగానే కాల్చేవాళ్ళం. గుండు అడ్డంగా ఉంటేనే లోపలి గాలి పిస్టన్‌కి మెత్తలా పనిచేస్తుందనీ, లేకపోతే పిస్టన్ వెళ్ళి నేరుగా సిలిండర్ చివర గుద్దుకుంటుందనీ మాకు చెప్పిందెవరు? గట్టిగా ఉందని కొబ్బరి నూనె కూడా పోశాం. నేను ఇంటర్‌లో చేరిన ఏడాది అది అటకెక్కింది.

2021 మే నెలలో, బయటికి కదల్లేని రోజుల్లో, దించాను. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి పక్క సందు చివర గోడకి ఇసుక బస్తాలు పేర్చి, అటు ఎవరూ రాకుండా గేటుకి తాళం వేసి ఒకటి కాల్చాను. గుండు బ్యారెల్ చివరిదాకా వచ్చి, అడుగు దూరంలో టప్పున పడింది. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది.

విజయవాడలో ఉండే మా బావకి ఫోన్ చేస్తే వినకుండానే తేల్చేశాడు. "స్ప్రింగ్ చచ్చిపోయిందిరా. ముప్పై ఏళ్ళు దాటలేదూ? ఆటోనగర్‌లో కొత్తది చుట్టించి పంపిస్తా, లారీని లేపేది." నేనూ అదే అనుకున్నాను. బలం తగ్గిందంటే స్ప్రింగే కదా ఎవరికైనా ముందు గుర్తొచ్చేది.

స్ప్రింగ్ కొలత కావాలంటే విప్పాలి. ఇక్కడొక్కటే జాగ్రత్త చెప్తాను. వెనక మూత విప్పేటప్పుడు లోపల స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది, మరలు వదలగానే మూత మొహం మీదికొస్తుంది. వడ్రంగి దగ్గర పొడుగాటి బిగింపు క్లాంపు అడిగి తెచ్చుకుని, దాంతో పట్టి, నెమ్మదిగా వదిలాను. స్ప్రింగ్ బయటికొచ్చింది. కాస్త కుంగింది, కొద్దిగా వంకర పోయింది, అంతే. దాని వెనకే పిస్టన్ వచ్చింది. పిస్టన్ మూతికి ఉన్న తోలు వాషర్ ఎండి వంకాయ వరుగులా ఉంది. వేలితో అంటుకుంటే అంచు పొడిపొడిగా రాలింది. గాలంతా దాని చుట్టూ వెనక్కి పోతుంటే స్ప్రింగ్ ఏం చేస్తుంది పాపం!

ఆంక్షలు కాస్త సడలాక దాన్ని పొట్లం కట్టుకుని కొత్తపేటలో ఒక పాత సైకిల్ షాపుకి వెళ్ళాను. అక్కడికే ఎందుకంటే, చిన్నప్పుడు మా సైకిల్ పంపు బాగుచేసింది ఆ పెద్దాయనే. ఆయన వాషర్‌ని వెలుగులో పెట్టి చూసి, "ఏంది అబ్బాయ్, పంపు తోలే గదా ఇది. కాస్త లావు, అంతే" అన్నాడు.

నిజమే. సైకిల్ పంపులోనూ, వెనకటి చేతి పంపుల్లోనూ, ఈ తుపాకీలోనూ ఉండేది ఒకటే సూత్రం. గిన్నెలా వంచిన తోలు. గాలి నొక్కినకొద్దీ గిన్నె అంచు విచ్చుకుని గొట్టం గోడకి అతుక్కుంటుంది. ఎంత నొక్కితే అంత బిగువు. తోలు అరిగినా అంచు ఇంకొంచెం విచ్చుకుంటుంది. సిలిండర్ గోడ మీద మా పెసల కాలం నాటి గీతలున్నా సర్దుకుపోతుంది. కొత్త తుపాకుల్లో ఉండే ప్లాస్టిక్ జాతి సీల్ కూడా మంచిదే, కానీ దానికి సిలిండర్ కొలతా నునుపూ కచ్చితంగా కుదరాలి. నా సిలిండర్‌కి అంత సీను లేదు.

నేను పాత బెల్టు కోసి తీసుకెళ్తే పెద్దాయన పక్కన పడేశాడు. ఆ మెత్త తోలు వంచిన ఆకారంలో నిలవదట. చెప్పుల అడుగుకి వేసే గట్టి తోలు తెప్పించి, గుండ్రంగా కోసి, నీళ్ళలో నానబెట్టి, ఒక ఇనప గొట్టం ముక్కలో పెట్టి పైనుంచి బోల్టుతో నెమ్మదిగా బిగించాడు. రెండు రోజులు నీడలో. "ఎండలో పెట్టావా, అప్పడమే" అన్నాడు. ఆరాక అంచు బ్లేడుతో సమంగా కోశాడు. ఎందుకైనా మంచిదని నాలుగు చేయించాను. ఒక్కోటి అరవై.

బలం కొలిచే మీటరు నా దగ్గర లేదు. ఉన్నది పాత గుంటూరు జిల్లా టెలిఫోన్ డైరెక్టరీ. పది మీటర్ల దూరంలో ఇసుక బస్తాకి ఆనించి నిలబెట్టి కాల్చడం, గుండు ఏ పేజీ దగ్గర ఆగిందో చూడటం. పాత వాషర్‌తో గుండు అక్కడిదాకా వెళ్ళనే లేదని చెప్పానుగా. కొత్త తోలు, అదే పాత స్ప్రింగ్. గుంటూరు మొత్తం దాటి తెనాలి పేజీల్లోకి దిగింది! తెనాలిలో ఎవరి నంబరు మీద ఆగిందో మా అమ్మాయి పైకి చదివితే ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఆ సాయంత్రం నుంచి ఈ తోలు ముక్క మీద నాకు పక్షపాతం.

చప్పుడు కూడా మారింది. ఇదివరకటి ఠంగుమనే ఇనప మోత పోయి, తలగడ మీద గుద్దినట్టు దబ్ అని. భుజానికి అదురు తక్కువ. ఐదు గుళ్ళు పది రూపాయల బిళ్ళ కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. మామూలు సైటుతో, నా కళ్ళద్దాలతో, అంతకంటే ఆశించను. (2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది ఈ 4.5 మి.మీ. గుండుతో, ఈ పది మీటర్ల దూరంలోనే. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే ఉంటుంది. తుపాకీ వేరనుకోండి, మనిషీ వేరే.)

అప్పట్లో తెలిసినవాళ్ళందరికీ తోలుకి ఆముదమే మందు అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. వాషర్‌ని ఒక రాత్రంతా ఆముదంలో నానబెట్టి వేయడం వల్ల మెత్తగా ఉన్న మాట నిజమే. కానీ మొదటి గుండుకే లక్ష్మీ బాంబు పేలినట్టు పేలి, బ్యారెల్ లోంచి నీలం పొగ వచ్చింది. పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏందయ్యా, గ్యాస్ సిలిండర్ గానీ పేలిందా?" అన్నారు. ఒక్కసారిగా నొక్కుకున్న గాలి విపరీతంగా వేడెక్కి, మిగిలిన నూనెని అంటిస్తుంది, డీజిల్ ఇంజన్‌లో లాగా. ఆ దెబ్బకి గుండు తెనాలి కూడా దాటిపోయింది. సంతోషపడాల్సింది కాదు, తోలు మూతి కాలుతుంది, స్ప్రింగ్‌కీ దెబ్బే. పైగా ఏడాది తిరిగేసరికి ఆముదం లోపల జిగురు కట్టింది. ఇప్పుడు సిలికాన్ నూనె రెండే చుక్కలు, సిలిండర్ నుంచి బ్యారెల్‌లోకి గాలి వెళ్ళే రంధ్రంలో. తుపాకీని రాత్రంతా గోడకి నిలబెట్టి వదిలేస్తాను. స్ప్రింగ్‌కి ఆ నూనె పనికిరాదు, దానికి నల్ల మాలీ గ్రీజు (మాలిబ్డినం కలిసింది) వేరే, అదీ పలచగా.

అంతా బాగున్నప్పుడు ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. బావ మాట తప్పకుండా స్ప్రింగ్ చుట్టించి పంపాడు. తీగ మందం పాతదానికంటే ఎక్కువ, పొడుగూ రెండంగుళాలు ఎక్కువ. 2021 ఆగస్టులో అది వేశాను. బ్యారెల్ విరవాలంటే మోకాలికి ఆనించి బలమంతా పెట్టాల్సి వచ్చేది. మా అమ్మాయి అసలు ముట్టుకోనంది. డైరెక్టరీలో తేడా ఎంతో తెలుసా? తెనాలిలోనే ఇంకో పది పన్నెండు పేజీలు. సిలిండర్‌లో పట్టే గాలి అంతే ఉన్నప్పుడు స్ప్రింగ్ ఎంత లావైతే ఏం? మిగిలిన బలమంతా అదురుగా మారి నా భుజానికొచ్చింది. చెక్క మరలు వారానికోసారి వదులయ్యేవి. పది రూపాయల బిళ్ళంత గురి కాస్తా టీ సాసరంత అయింది.

అయినా బావ ఇచ్చిందని తియ్యలేదు. జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, బ్యారెల్ విరుస్తుంటే లోపల కరకరమని ఇసుక నమిలినట్టు చప్పుడొచ్చింది. గుండు పెట్టకుండా, బ్యారెల్ వదలకుండా నెమ్మదిగా దించేశాను. (ఆ చెయ్యి జారితే బ్యారెల్ ఎగిరి వేళ్ళ మీద పడుతుంది, అది చిన్నప్పుడే తెలుసు.) విప్పి చూస్తే స్ప్రింగ్ రెండు ముక్కలు. విరిగిన కొస పిస్టన్ లోపల గీకి గీకి ఇనప రజను చేసింది. అదురుకి తోలు గిన్నె అంచు ఒక పక్క చిరిగింది. ఐదు నెలలు కూడా రాలేదు. చుట్టినవాణ్ణి అనడానికి లేదు, ఆయన లారీ స్ప్రింగులు చేస్తాడు, అడిగినట్టే చేశాడు. అడిగిందే తప్పు.

పైగా ఇంకో సంగతి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 0.177 బోరుండి, బలం (గుండు బయటికొచ్చేటప్పటి శక్తి) 20 జౌళ్ళు మించని ఎయిర్ గన్‌కే లైసెన్సు అక్కర్లేదు. మనది ఆ దరిదాపుల్లో ఉండదనుకోండి, కానీ బలం పెంచుదామని సరదాపడేవాళ్ళకి ఈ సంగతి తెలిసుండాలి. పిట్టలూ కొంగలూ అని ఉబలాటపడేవాళ్ళకి 1972 నాటి వన్యప్రాణి చట్టం వేరే ఉంది.

సిలిండర్ కిరసనాయిలుతో కడిగి, రెండో తోలు వేసి, డబ్బాలో దాచిన పాత కుంగిన స్ప్రింగ్ మళ్ళీ పెట్టాను. తెనాలి వచ్చేసింది. అప్పటినుంచి ఆదివారాలు పాతిక ముప్పై గుళ్ళు, ఆ తరవాత చేతులు సబ్బుతో కడుక్కుని టిఫిను. గుళ్ళు సీసం కదా.

తోలుతో ఇబ్బంది లేదని అనను. రోహిణి కార్తెలో గుంటూరు ఎండకి పదిహేను రోజులు వాడకపోతే అదీ బిగుసుకుంటుంది. మొదటి నాలుగైదు గుళ్ళు గుంటూరు దాటవు. నూనె చుక్క వేసి, కాస్త ఓపిక పట్టాలి. తీసిన వెంటనే ఒకేలా పేలాలి, పోటీలకి సాధన చెయ్యాలి అనుకునేవాళ్ళు కొత్తది కొనుక్కోవడమే నయం. నా ఇద్దరు స్నేహితులకి అదే చెప్పాను. నాకు కుదిరిందంటే నాన్న కొన్నది కాబట్టి, ఆదివారం ఖాళీ ఉంది కాబట్టి, ముఖ్యంగా ఆ పెద్దాయన దొరికాడు కాబట్టి.

ఆ సైకిల్ షాపు ఇప్పుడు లేదు. అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. చేయించిన నాలుగు తోళ్ళలో ఒకటి చిరిగింది, ఒకటి తుపాకీలో మూడేళ్ళు దాటి నడుస్తోంది. మిగిలిన రెండూ నూనె గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను.